ఈటీపీ దాకా రాకముందే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఈ శీర్షికకు చేరిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బల్క్ డ్రగ్ (మందుల మూలపదార్థాల), రసాయన పరిశ్రమల కాలుష్యం గురించినవే. రాసినవారిలో కర్మాగారం లోపల షిఫ్టులు చేసేవారూ ఉన్నారు, ప్రహరీ గోడ అవతల పొలం ఉన్నవారూ ఉన్నారు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, పేర్లు తీసేసి, ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: బొల్లారంలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ప్రొడక్షన్ కెమిస్టుగా పనిచేస్తున్నాను. వ్యర్థజలాలు పెరుగుతున్నాయని మా యాజమాన్యం ఈటీపీని (వ్యర్థజల శుద్ధి కేంద్రాన్ని) విస్తరించాలనుకుంటోంది. ఆ డబ్బుతో తయారీ పద్ధతినే బాగు చేసుకోవచ్చు కదా అని నేనంటే, క్లీనర్ టెక్నాలజీ అన్నా ఈటీపీ అన్నా ఒకటేనని కొట్టిపారేశారు. నిజమేనా అండీ?

జవాబు: ఒకటి కావు. పుట్టిన కాలుష్యాన్ని ఈటీపీ శుద్ధి చేస్తుంది. అసలు కాలుష్యం పుట్టకుండా, లేదా తక్కువగా పుట్టేట్టు తయారీనే మార్చడం క్లీనర్ టెక్నాలజీ. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 1989లో క్లీనర్ ప్రొడక్షన్ పేరుతో దీన్ని ముందుకు తెచ్చింది. మన దేశంలో జాతీయ ఉత్పాదకతా మండలి 1993లో ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ తోడ్పాటుతో చిన్న కాగితపు మిల్లుల్లోనూ, బట్టల అద్దకం యూనిట్లలోనూ, పురుగుమందుల ఫార్ములేషన్ యూనిట్లలోనూ ఆచరణలో చేసి చూపింది. 1995లో ఆ మండలిలోనే జాతీయ క్లీనర్ ప్రొడక్షన్ కేంద్రం ఏర్పడింది. మూడు దశాబ్దాల నాటి ఈ మాట ఇంకా యాజమాన్యాలకు కొత్తగా వినబడుతోందంటే లోపం సాంకేతికతలో లేదు.

మందుల పరిశ్రమకు ఇది మిగతా పరిశ్రమలకన్నా ఎక్కువ అవసరం. కిలో సరుకుకు ఎన్ని కిలోల వ్యర్థం పుడుతుందో చెప్పే ఈ-ఫ్యాక్టర్ అనే లెక్కను రోజర్ షెల్డన్ 1992లో ప్రతిపాదించారు. ఆ లెక్క ప్రకారం ముడి చమురు శుద్ధిలో అది 0.1 లోపే ఉంటుంది, భారీ రసాయనాల్లో 5 లోపు ఉంటుంది. మందుల మూలపదార్థాల దగ్గరికి వచ్చేసరికి 25 నుంచి 100 దాకా పోతుంది. ఆ బరువులో అత్యధిక భాగం సాల్వెంట్లే, అంటే రసాయనాలను కరిగించడానికి వాడే ద్రవాలే. అంటే మీ ఈటీపీలోకి వచ్చే సీఓడీలో (నీటిలోని సేంద్రియ మలినం కొలతలో) చాలా వరకు మీ కంపెనీ డబ్బు పెట్టి కొన్న మిథనాల్, టోలుయీన్, అసిటోన్. పొయ్యి మీద పాలు పొంగుతుంటే మంట తగ్గించకుండా గచ్చు తుడుస్తూ కూర్చుంటే ఎలా ఉంటుందో, ఈ సాల్వెంట్ పోయే దారులు వెతకకుండా ఈటీపీని పెంచుకుంటూ పోవడమూ అలాగే ఉంటుంది.

పోయే దారులు మీకు తెలియనివి కావు. మిథిలీన్ క్లోరైడ్ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. మే నెలలో మన ఎండే అంతకు చేరుతుంది. కూలింగ్ టవర్ నీటితో నడిచే కండెన్సర్ (ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చే పరికరం) దాన్ని పట్టుకోలేదు, తర్వాత బాగా చల్లబరిచిన ఉప్పునీటి ద్రావణం, అంటే చిల్డ్ బ్రైన్‌తో మరో కండెన్సర్ ఉండాలి. వాక్యూమ్ కోసం వాటర్ జెట్ ఎజెక్టర్లు వాడుతుంటే రియాక్టర్‌లోని ఆవిరి ఆ నీటిలో కలిసి నేరుగా ఈటీపీకి చేరుతుంది. డ్రై వాక్యూమ్ పంపు పెడితే అదే ఆవిరిని ద్రవంగా తిరిగి పట్టుకోవచ్చు. సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పి ద్రవాన్ని వేరుచేసే యంత్రం) మూత తెరిచి తడి కేకును (మిగిలిన ముద్దను) చేత్తో తోడే ప్రతిసారీ కొంత సాల్వెంట్ గాలిలో కలుస్తుంది. వడపోతా ఆరబోతా ఒకే మూసిన పాత్రలో జరిగే నట్ష్ ఫిల్టర్ డ్రయర్‌లో ఆ అవసరం ఉండదు. బ్యాచ్ మారినప్పుడు రియాక్టర్‌ను నిండా మిథనాల్‌తో నింపి మరిగించే అలవాటు చాలాచోట్ల ఉంది. లోపల స్ప్రే బాల్ బిగించి కడిగితే అందులో కొద్ది వంతుతోనే పని అయిపోతుంది.

ఇవన్నీ పరికరాల సంగతులు. రసాయన మార్గాన్నే మారిస్తే ఫలితం ఇంకా పెద్దది. 1960లలో నొప్పి మందు ఇబుప్రొఫెన్‌ను కనిపెట్టిన కంపెనీ పద్ధతిలో 6 దశలు ఉండేవి. వాడిన పదార్థాల పరమాణువుల్లో 40 శాతం మాత్రమే మందులోకి చేరేవి. 1990ల తొలినాళ్లలో అమెరికాలో వాడుకలోకి వచ్చిన కొత్త పద్ధతిలో 3 దశలే ఉన్నాయి, చేరే పరమాణువులు 77 శాతం. కుంగుబాటుకు వాడే సెర్ట్రలీన్ తయారీలో మూడు దశలను కలిపి నాలుగు సాల్వెంట్ల బదులు ఇథనాల్ ఒక్కటే వాడేట్టు చేసినందుకు 2002లో అమెరికా ప్రభుత్వ హరిత రసాయనశాస్త్ర పురస్కారం దక్కింది; అక్కడ సాల్వెంట్ వాడకం సుమారు పదో వంతుకు పడిపోయింది.

అయితే మీ యాజమాన్యం వెనకాడటానికి న్యాయమైన కారణం ఒకటి ఉంది. విదేశీ మార్కెట్లకు వెళ్లే మందుకు తయారీ మార్గం మార్చాలంటే అక్కడి నియంత్రణ సంస్థల వద్ద దాఖలు చేసిన పత్రాలు మార్చాలి, కొత్త బ్యాచ్‌ల స్థిరత్వ పరీక్షలు చూపాలి, అనుమతి కోసం ఆగాలి. కాబట్టి మీ ప్రతిపాదనను రెండుగా విడగొట్టండి. రసాయన మార్గాన్ని తాకని మార్పులు, అంటే కండెన్సర్లు, పంపులు, కడిగే పద్ధతి, వ్యర్థ ధారలను విడివిడిగా పట్టడం ముందు అడగండి. శుద్ధి చేసిన సాల్వెంట్‌ను తగిన ప్రమాణాలకు తెచ్చి మళ్లీ వాడుకోవడానికి ముడి మందుల తయారీ మార్గదర్శకమైన ఐసీహెచ్ క్యూ7 కూడా అనుమతిస్తుంది. మార్గం మార్పును కొత్త ఉత్పత్తులకు అట్టిపెట్టండి, ఎందుకంటే పరిశోధన విభాగంలో ఉన్నప్పుడు మార్చడానికి ఖర్చయ్యేది కాగితమూ కాలమే. యాజమాన్యం ముందుకు వెళ్లేటప్పుడు ఒక్క ఉత్పత్తికి సాల్వెంట్ లెక్క తీసుకుని వెళ్లండి: బ్యాచ్‌కు 1000 లీటర్లు పోసి 850 తిరిగి వచ్చాయనుకుంటే, మిగిలిన 150 గాలిలోకి ఎంత, నీటిలోకి ఎంత, కేకులో ఎంత, ఏడాదికి ఎన్ని రూపాయలు అని. ఈ పట్టిక చేసే పని వంద ఉపన్యాసాలు చేయవు.

ప్రశ్న: మాది నక్కవాగు పక్క ఊరు. మా నాన్నగారి కాలంలో ఆ నీళ్లతో వరి పండింది. ఉమ్మడి శుద్ధి కేంద్రం కట్టి ఇన్నేళ్లయినా ఆ వాగు ఎందుకు కోలుకోలేదు?

జవాబు: పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో 1970లు, 80లలో కర్మాగారాలు వరసగా వచ్చాయి. వ్యర్థాలు ముందు చెరువుల్లోకి, అక్కడి నుంచి ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలోకి చేరాయి. 1990లో ఈ విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ వ్యాజ్యం తర్వాత హైకోర్టుకు, అటుపైన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. కోర్టు ఆదేశాల మీద పంట నష్టపరిహారమూ, ఊళ్లకు తాగునీరూ వచ్చిన సంగతి మీ ఊరి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఉమ్మడి శుద్ధి కేంద్రం 1994లో మొదలైంది.

ఆ కేంద్రం చేయగలిగిన పనికి, దానికి అప్పగించిన పనికి మొదటి నుంచీ పొంతన లేదు. సేంద్రియ మలినాన్ని సూక్ష్మజీవులకు తినిపించి తగ్గించడం అలాంటి కేంద్రాల మూల సూత్రం. లవణాలను సూక్ష్మజీవులు తినవు. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) ఎక్కువగా ఉన్న ధార వస్తే అవే దెబ్బతింటాయి. ట్యాంకర్లలో పదుల కర్మాగారాల నుంచి వచ్చే నీటిలో ఇవాళ ఏముంటుందో రేపు అది ఉండదు. పైగా అందులో యాంటీబయాటిక్ ఉంటే అది సూక్ష్మజీవులను చంపడానికే తయారైన పదార్థం. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే స్థాయికన్నా అది ఎక్కువ. చావని సూక్ష్మజీవులు ఆ నీటిలో మందుకు లొంగకపోవడం అలవరచుకుంటాయి, ఆ నష్టం మీ వాగుతో ఆగదు. తర్వాత శుద్ధి చేసిన నీటిని 18 కిలోమీటర్ల పైపులైనులో హైదరాబాద్ మురుగునీటి వ్యవస్థలోకి పంపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి చేర్చే ఏర్పాటు జరిగింది. వాగు మీద భారం కొంత తగ్గింది, మూసీ మీద పెరిగింది. దీన్ని పరిష్కారమని నేను అనలేను.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తయారుచేసిన సమగ్ర సూచీలో పటాన్‌చెరు-బొల్లారం, విశాఖపట్నం రెండూ 70 మార్కులు దాటి తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా నమోదయ్యాయి. ఆ తర్వాత చాలా కంపెనీలు సొంతంగా శుద్ధి ఏర్పాట్లు పెట్టుకున్నాయి. యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు విధిస్తూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా ప్రకటించింది; 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ కర్మాగారాల వ్యర్థాలకు ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. మందు అవశేషం ఉన్న ధారను కర్మాగారం లోపలే విడిగా పట్టి, అక్కడే నిర్వీర్యం చేసి వదిలితే తప్ప కింద ఎంత పెద్ద కేంద్రం కట్టినా మీ ప్రశ్నకు జవాబు దొరకదు. వాగు అడుగున పేరుకున్న బురద సంగతి వేరు. పైనుంచి రావడం పూర్తిగా ఆగినా అది చాలా ఏళ్లు నీటిని పాడుచేస్తూనే ఉంటుంది.

ప్రశ్న: పరవాడ దగ్గర ఒక కంపెనీలో జడ్‌ఎల్‌డీ (వ్యర్థజలాన్ని బయటికి అసలు వదలని) ప్లాంటు ఆపరేటర్ని. ఇంటర్ చదివాను. వారం రోజులు సీనియర్ పక్కన నిలబెట్టి తర్వాత నైట్ షిఫ్టు అప్పగించారు. మా ప్లాంటుకు జీరో అని పేరు, కానీ వాసన వస్తూనే ఉంటుంది. ఎక్కడ తప్పు జరుగుతోంది సార్?

జవాబు: జీరో అన్నది ద్రవ రూపంలో బయటికి వదిలే వ్యర్థానికి మాత్రమే వర్తిస్తుంది, గాలికీ గట్టి వ్యర్థానికీ వర్తించదు. మీ ప్లాంటు వరస మీకు తెలుసు: లవణాలు ఎక్కువగా ఉన్న నీరు ముందు స్ట్రిప్పర్‌లోకి, తర్వాత మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపరేటర్‌లోకి, చివరికి థిన్ ఫిల్మ్ డ్రయర్‌లోకి వెళ్తుంది. మిగిలిన ఉప్పును ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపుతారు. ఈ వరసలో వాసనకు మొదట అనుమానించాల్సింది స్ట్రిప్పర్‌నే. నీటిలో ఉన్న సాల్వెంట్‌ను ముందే ఆవిరి చేసి వేరుచేయడం దాని పని. ఫీడ్ వేగం పెంచినా, దాన్ని వేడిచేసే రీబాయిలర్‌కు ఆవిరి తగ్గినా, పైన కండెన్సర్ సరిగా చల్లబడకపోయినా ఆ సాల్వెంట్ ఎవాపరేటర్‌లోకి దిగి, ఆవిరి చల్లారగా వచ్చే కండెన్సేట్‌లో కలిసి, కూలింగ్ టవర్ దగ్గర గాలిలోకి లేస్తుంది. మీ ముక్కుకు తెలిసేది అదే కావచ్చు. స్ట్రిప్పర్ అడుగు నుంచి వచ్చే నీటి నమూనాకు షిఫ్టుకోసారి సీఓడీ చూడమని ల్యాబ్‌ను అడగండి. ఆ అంకె పెరిగిన రోజున వాసనా పెరిగితే కారణం తేలిపోయినట్టే.

కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 540 కిలోకేలరీల వేడి కావాలి. ఒక ఎఫెక్ట్‌లో పుట్టిన ఆవిరితో తర్వాతి ఎఫెక్ట్‌ను కాచడం వల్ల కొంత ఆదా అవుతుంది గానీ, చివరికి బాయిలర్‌లో బొగ్గు మండాల్సిందే, పొగ గొట్టం నుంచి పొగ రావాల్సిందే. అందుకే జడ్‌ఎల్‌డీ కట్టినంత మాత్రాన కాలుష్యం పోయిందనుకునే వారితో నేను ఏకీభవించను. ముందు ఉత్పత్తి విభాగం పంపే నీరు సగానికి తగ్గాలి. అప్పుడు జడ్‌ఎల్‌డీకి అర్థం ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది వాసన విషయం కన్నా ఆ వారం రోజుల శిక్షణ విషయం. కోట్ల రూపాయల యంత్రాన్ని కొన్న యాజమాన్యం, దాన్ని రాత్రంతా నడిపే మనిషికి వారం చాలనుకుంటోంది. సాల్వెంట్ లీకు కాలుష్యమే కాదు, నిప్పు కూడా. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని మందుల కర్మాగారంలో సాల్వెంట్ ఆవిరి అంటుకుని జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. పైపుల అతుకైన ఫ్లాంజి దగ్గర చుక్క కారుతుంటే ఆపరేటర్ దాన్ని లాగ్‌బుక్‌లో రాసి, పని ఆపమని చెప్పగల స్థితిలో ఉన్నాడా లేదా అన్నదాని మీద ప్రాణాలూ వాగులూ రెండూ ఆధారపడి ఉంటాయి.

ఆపరేటర్‌కు నేర్పాల్సింది ఏమిటంటే, తన చేతిలోని ప్రతి వాల్వు వెనక ఏ ధార ఉందో, అది పొరపాటున ఇంకో ధారలో కలిస్తే ఏమవుతుందో, ఏ అంకె దాటితే ఎవరికి ఫోన్ చేయాలో. జీవ శుద్ధి ట్యాంకు కూడా మీ చేతిలో ఉంటే, లీటరు సిలిండర్‌లో ఆ నీటిని పోసి 30 నిమిషాల్లో బురద ఎంత దిగిందో చూసే పరీక్ష నేర్చుకోండి. దానికి ఖర్చు లేదు, ట్యాంకు ఆరోగ్యం గురించి చాలా చెబుతుంది. ఇంకొకటి. చాలా కర్మాగారాల్లో పని పద్ధతి పత్రాలు ఇంగ్లీషులో ఉంటాయి, ఆ యంత్రం దగ్గర నిలబడే కాంట్రాక్టు కార్మికుడు తెలుగో, ఒడియానో, హిందీనో చదువుతాడు. ఆడిటర్ కోసం రాసిన ఆ పత్రం ఆపరేటర్‌కు పనికిరాదు. మీ ప్లాంటుకు తెలుగులో, బొమ్మలతో ఒక పేజీ పత్రం తయారుచేయమని మీ షిఫ్ట్ ఇన్‌చార్జిని అడగండి. ఆయన ఒప్పుకుంటే మొదటి ముసాయిదా మీరే రాయండి, ఎందుకంటే ఆ ప్లాంటు రాత్రిపూట ఎలా ప్రవర్తిస్తుందో మీకే బాగా తెలుసు.

ప్రశ్న: జీడిమెట్లలో మందుల తయారీ మధ్య దశలో వాడే రసాయనాల (ఇంటర్మీడియెట్ల) చిన్న యూనిట్ నడుపుతున్నాను. పెద్ద కంపెనీలు చేసేవి నా వల్ల అవుతాయా? డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

జవాబు: మొదట డబ్బు అవసరం లేనివి చేయండి. నీటి మీటరు, ఆవిరి మీటరు బిగించి వారం రోజుల లెక్క రాయించండి. నేల కడగడానికి వదిలేసిన గొట్టం, కారుతున్న స్టీమ్ ట్రాప్, మూత లేని డ్రమ్ము, చాలా చిన్న యూనిట్లలో మొదటి ఆదా వీటిలోనే కనబడుతుంది. సరుకు స్ఫటికాలను వేరుచేశాక మిగిలే, ఉప్పు ఎక్కువ ఉన్న మదర్ లిక్కర్‌ను, మామూలు కడుగునీటిని ఒకే కాల్వలో కలపకండి. కలిపితే మొత్తం నీరూ ఖరీదైన శుద్ధికి వెళ్లాల్సి వస్తుంది. విడిగా పట్టడానికి రెండో పైపు, రెండో ట్యాంకు చాలు.

సాల్వెంట్ రికవరీ విషయంలో మాత్రం తొందరపడి కాలమ్ కొనకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీటితో కలిస్తే 80 డిగ్రీల దగ్గర మిశ్రమంగానే మరుగుతుంది. మామూలు డిస్టిలేషన్‌తో బరువులో 88 శాతం దగ్గర ఆగిపోతారు, ఆ పైకి తేవాలంటే నీటిని వేరుచేసే పర్వేపరేషన్ పొర గానీ, వేరే పద్ధతి గానీ కావాలి. మీ ఒక్క యూనిట్ పరిమాణానికి అది గిట్టకపోవచ్చు. అనుమతి ఉన్న రికవరీ యూనిట్‌కు పంపించుకోవడం మేలు. తక్కువ ధరకు తీసుకుపోతామని రాత్రిపూట వచ్చే ట్యాంకర్లకు మాత్రం ఇవ్వకండి. అది ఏ కుంటలో తేలినా, ఆ వ్యర్థం పుట్టిన చోటు మీదే కనుక చట్టం మిమ్మల్నే అడుగుతుంది.

ఆర్థిక సాయం సంగతి: సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల మంత్రిత్వ శాఖ నడిపే జెడ్ ధ్రువీకరణ పథకం, అంటే లోపం లేని సరుకు, హాని లేని తయారీ లక్ష్యంగా పెట్టుకున్నది, 2022లో కొత్త రూపంలో వచ్చింది. ధ్రువీకరణ రుసుములో సూక్ష్మ యూనిట్లకు 80 శాతం, చిన్న వాటికి 60, మధ్యతరహా వాటికి 50 శాతం రాయితీ ప్రకటించారు. ఆ రాయితీ ధ్రువీకరణ రుసుముకే గానీ యంత్రాల కొనుగోలుకు వర్తించదు. యంత్రాలకు బ్యాంకును అడిగేటప్పుడు, పైన బొల్లారం కెమిస్టుకు చెప్పిన సాల్వెంట్ లెక్క మీకూ ఉపయోగపడుతుంది.

ప్రశ్న: కెమికల్ ఇంజినీరింగ్ డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్నాను, ఊరు నల్గొండ జిల్లా. ఈ రంగంలో శిక్షణ ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: హైదరాబాద్ గచ్చిబౌలిలోని పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధన సంస్థ, అందరూ ఎప్‌ట్రీ అని పిలిచేది, 1992లో స్వీడన్ తోడ్పాటుతో ఈ పని కోసమే ఏర్పడింది. జాతీయ ఉత్పాదకతా మండలి కూడా శిక్షణలు నడుపుతుంది. హరిత ఉద్యోగాల నైపుణ్య మండలి 2015 నుంచి ఉంది. మీ తమ్ముళ్లెవరైనా పదో తరగతితో ఆగిపోతే, ఐటీఐలో కెమికల్ ప్లాంటు అటెండెంట్ ఆపరేటర్ ట్రేడ్ ఉందని చెప్పండి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడ్‌ల హడావుడిలో దాన్ని ఎవరూ పట్టించుకోరు.

శక్తి వినియోగంలో చాలాకాలంగా ఒక మంచి ఏర్పాటు ఉంది. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద జాతీయ స్థాయి పరీక్ష పాసైన ఎనర్జీ మేనేజరు, ఆడిటరు ఉంటారు, పెద్ద వినియోగదారులు అలాంటివారిని నియమించుకోవాలి. వ్యర్థజలాల విషయంలో మనం అంత పట్టింపు చూపలేదన్నది నా అభిప్రాయం. 2025లో కేంద్రం తెచ్చిన పర్యావరణ ఆడిట్ నియమాలతో ధ్రువీకరణ పొందిన ఆడిటర్ల వ్యవస్థ వస్తోంది, కాబట్టి మీ వయసు వారికి ఇది సరైన కాలం. సర్టిఫికెట్లు పోగుచేసుకునే ముందు ఏదైనా ప్లాంటులో ఏడాది పనిచేసి, ఒక్క ప్రక్రియకు పూర్తి మెటీరియల్ బ్యాలెన్స్ మీ చేత్తో గీయండి. లోపలికి వెళ్లిన కిలోలూ బయటికి వచ్చిన కిలోలూ సరిపోయేదాకా వదలకండి.

ప్రశ్న: మా ఊరి పక్క కర్మాగారం నిజంగా కాలుష్యం తగ్గిస్తోందో లేదో మాలాంటి వాళ్లకు తెలిసే దారి ఉందా? నేను బడిపంతులును, రసాయనశాస్త్రం నా సబ్జెక్టు కాదు.

జవాబు: ఉంది, రసాయనశాస్త్రం అక్కర్లేదు. పర్యావరణ పరిరక్షణ నియమాల కింద అనుమతి తీసుకున్న ప్రతి పరిశ్రమా ఏటా సెప్టెంబరు 30 లోపు ఫారం 5 అనే పర్యావరణ నివేదికను కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వాలి. అందులో ఒక్కో యూనిట్ సరుకుకు ఎంత నీరు, ఎంత ముడిసరుకు వాడారో నిరుటి, ఈ ఏటి అంకెలు పక్కపక్కన ఉంటాయి. కాలుష్యం తగ్గించడానికి ఏమి చేశారో, ఇక ఏమి చేయబోతున్నారో కూడా రాయాలి. సమాచార హక్కు దరఖాస్తుతో వరసగా మూడేళ్ల ఫారాలు మండలి ప్రాంతీయ కార్యాలయం నుంచి అడగండి. సరుకు కిలోకు వాడిన నీరు ఏటేటా తగ్గుతోంటే అక్కడ ఏదో పని జరుగుతున్నట్టే. మూడేళ్లూ అవే అంకెలు, అవే వాక్యాలు కనబడితే ఆ మూడు కాగితాలనూ జతచేసి, కర్మాగారానికి ఇచ్చిన నిర్వహణ అనుమతి పత్రంలోని షరతులతో పోల్చి చూడమని మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి.